పాత నోటుకు విలువ ఎక్కడుంది?
(పెద్దారవీడు ఉన్నత పాఠశాల పూర్వ విద్యార్థుల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



నేను ముప్పై ఏళ్లు బ్యాంకు క్యాషు కౌంటరులో పనిచేశాను. పాత నోట్లు చేరదీసే అలవాటు అక్కడే అబ్బింది. "నీకు తెలిసిందే పది నిమిషాలు చెప్పు" అని నిర్వాహకులు అన్నారు కాబట్టి ఆ నోట్ల గురించే మాట్లాడతాను.

ఇది కాలక్షేపం కబురు మాత్రం కాదు. మా బంధువుల్లో ఒకావిడకు ఆమధ్య ఫోను వచ్చింది. ఆమె దగ్గరున్న ట్రాక్టరు బొమ్మ ఐదు రూపాయల నోటుకు మూడు లక్షలిస్తామన్నారు. ముందు రిజిస్ట్రేషన్ ఫీజన్నారు, తర్వాత పన్నన్నారు, ఆ తర్వాత ఇంకేదో అన్నారు. ఆమె కమ్మలు కుదువబెట్టి మూడుసార్లు డబ్బు పంపింది. నోటు ఇప్పటికీ ఆమె దగ్గరే ఉంది. కమ్మలే తిరిగి రాలేదు. రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ఇలాంటి మోసాల మీద హెచ్చరిక ఇచ్చింది. పాత నోట్లు, నాణేలు కొనే వ్యాపారంలో తమకు ప్రమేయం లేదని, తమ పేరుతో ఎవరూ ఫీజులు వసూలు చేయకూడదని చెప్పింది. కొనేవాడు మనకు డబ్బివ్వాలి గానీ, మన దగ్గర ముందు తీసుకోడు. ఈ ఒక్క మాట ఇంటికెళ్లి అందరికీ చెప్పండి.

మరి నిజమైన విలువ ఎలా తేలుతుంది? మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఇలాంటివి ఎన్ని మిగిలాయి? ఇది ఏ స్థితిలో ఉంది? దీన్ని కోరుకునేవాళ్లు ఎందరు?

పాతదైతే చాలు ధర పలుకుతుందనుకుంటారు. కాదు. మెక్సికోలో 1910 తర్వాత విప్లవం నడిచింది. అక్కడ ఏ సేనానికి ఆ సేనాని నోట్లు అచ్చువేశాడు. పాంచో వియ్యా వేయించిన నోట్లను జనం "దుప్పట్లు" అని పిలిచేవారు. 1916లో కరాన్సా ప్రభుత్వం ఎవరూ నకిలీ చేయలేరంటూ కొత్త నోట్లు తెచ్చింది. వాటిని అమెరికాలో అచ్చువేయించారు. నెలల్లోనే వాటి విలువ పడిపోయింది. నూరేళ్లు దాటినా ఆ విప్లవకాలపు నోట్లు చాలావరకు చవగ్గానే దొరుకుతాయి, కారణం అప్పట్లో అంత విపరీతంగా అచ్చువేశారు. అదే విప్లవంలో కొద్దిరోజులే నడిచిన చిన్న ఊళ్ల నోట్లకు మాత్రం పోటీ పడతారు.

మన సంగతికి వద్దాం. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా మన మార్కాపురం తాలూకా కర్నూలు జిల్లాలో ఉండేది. 1953 దాకా మనది మద్రాసు రాజ్యం. కాబట్టి మన అబ్బల కాలం నాటి ట్రంకు పెట్టెల్లో నిజాం సిక్కా నోట్ల కంటే తెల్లవాళ్ల నోట్లే ఎక్కువగా ఉంటాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో వెండి కరువైతే 1917 నవంబరు 30న ఒక రూపాయి నోటు తెచ్చారు. వెంటనే రెండు రూపాయల ఎనిమిదణాల నోటు కూడా వచ్చింది. ఈ రెండున్నర నోటు ఎక్కువ కాలం నడవలేదు, అందుకే సేకరించేవాళ్లు దాన్ని అంతగా వెతుకుతారు.

ఇంకో వింత. పాత రోజుల్లో పెద్ద నోటును టపాలో పంపాలంటే దాన్ని రెండుగా కోసి, ముందు ఒక సగం పంపేవారు. అది చేరినట్టు కబురొచ్చాకే రెండో సగం పంపేవారు. అలాంటి సగం నోటు మీ ఇంట్లో దొరికితే చిరిగిన కాగితమని పొయ్యిలో వేయకండి.

మన పక్క కడప జిల్లాకు చెందిన వై.వి.రెడ్డిగారు 2003 నుంచి 2008 దాకా రిజర్వు బ్యాంకు గవర్నరు. ఆయన సంతకమున్న నోట్లు కోట్లలో ఉన్నాయి, మామూలు నోటుకు ప్రత్యేక ధర రాదు. ఆయన కాలంలోనే 2006లో నంబరు మధ్య నక్షత్రం గుర్తున్న నోట్లు వచ్చాయి. అచ్చులో పాడైన నోటుకు బదులు వేసేవి అవి. పది, ఇరవై, యాభైల్లో మొదలుపెట్టారు. మడత పడని నోటైతే వాటిని దాచుకోవచ్చు.

రెండో ప్రశ్న స్థితి. ఒక్క మడత కూడా లేని నోటుకూ, జేబులో నలిగిన నోటుకూ ధరలో పదింతల తేడా రావచ్చు. కాబట్టి నోటును ఉతకొద్దు, ఇస్త్రీ చేయొద్దు, టేపు అంటించొద్దు, లామినేషన్ అసలే వద్దు. పాత కట్టలకు పిన్నులు కొట్టేవారు కాబట్టి పిన్ను చిల్లులకు కంగారు పడక్కర్లేదు. మెత్తటి పీవీసీ కవరులో పెడితే కాలక్రమంలో జిగట పట్టి నోటు పాడవుతుంది. పాలియెస్టరు కవరు మంచిది.

మూడోది గిరాకీ. సేకరించేవాడు అమ్మే ధర వేరు, మన దగ్గర కొనే ధర వేరు. ఇద్దరు ముగ్గురిని అడగందే ఇవ్వకండి.

చట్టం మాట కూడా చెప్పాలి. 2016లో రద్దయిన ఐదొందలు, వెయ్యి నోట్లను జ్ఞాపకంగా పదికి మించి ఉంచుకోకూడదు. చదువు, పరిశోధన, సేకరణ కోసమైతే ఇరవై అయిదు దాకా ఉంచుకోవచ్చు. 2017లో వచ్చిన చట్టం ఇది. మించితే జరిమానా తప్పదు.

చివరిగా ఒక మాట. మీ జేజి పెట్టెలో నోటు దొరికితే ధర అడిగేముందు అది ఎవరిది, ఎందుకు దాచారో అడిగి చీటీ మీద రాసి కవరులో పెట్టండి. పొగాకు అమ్మిన డబ్బో, మొదటి జీతమో, పెళ్లి చదివింపో, ఆ సంగతి తెలిసినవాళ్లు పోతే మళ్లీ ఎవరూ చెప్పలేరు. బజారులో ఆ చీటీకి ధర ఉండకపోవచ్చు, మీ పిల్లలకు ఉంటుంది.

నా దగ్గర రెండేసి ఉన్న నోట్లను ఒక ఆల్బంగా కట్టి మన బడికి ఇస్తున్నాను. సాంఘిక శాస్త్రం పాఠానికి పనికొస్తుంది. భోజనాల తర్వాత గ్రంథాలయం గదిలో ఉంటాను. మీ ఇంటి నోట్లు తెచ్చి చూపించండి, ఫీజు ఏమీ లేదు.