వెన్నెల తగ్గని రాత్రి



ఇవాళ చెప్పబోయేది కాస్త బరువైన విషయం. పసిపిల్లల జబ్బు, చావు గురించి ఒక తండ్రి రాసిన కవిత్వం. ఆ తండ్రి రవీంద్రనాథ్ టాగూర్. మనలో చాలామందికి ఆయన చలంగారి తెలుగు గీతాంజలి ద్వారా పరిచయం. కానీ ఆయన పిల్లల పద్యాల పుస్తకం ‘శిశు’ ఎలా పుట్టిందో అంతగా తెలియదు.

1902 నవంబరులో ఆయన భార్య మృణాళినీదేవి పోయారు. కొన్ని నెలలకే రెండో కూతురు రేణుకకు క్షయ ముదిరింది. అప్పట్లో క్షయకు మందు లేదు. కొండగాలి మంచిదని 1903లో ఆ పిల్లను అల్మోరా తీసుకువెళ్ళారు. ఒకపక్క కూతురికి సేవ చేస్తూ, తల్లిలేని పిల్లలను తలుచుకుంటూ అక్కడ రాసిన పద్యాలే ఆ పుస్తకంలో చాలా భాగం. ఆ సెప్టెంబరులోనే రేణుక కన్నుమూసింది. పన్నెండేళ్ళ పిల్ల.

ఆ పద్యాలు చదివితే ఏడుపు కనిపించదు. సంపెంగ పువ్వైపోయి అమ్మతో దోబూచులాడే పిల్లాడు కనిపిస్తాడు. ఒక పద్యంలో మాత్రం పిల్లాడు అమ్మ దగ్గర సెలవు తీసుకుంటాడు. గాలినై నిన్ను తాకుతాను, వాన చప్పుడై వినిపిస్తాను, వెన్నెలనై నీ పక్కమీదికి వస్తాను అని ఓదారుస్తాడు.

నాలుగేళ్ళు తిరిగాయి. 1907 నవంబరులో చిన్నకొడుకు శమీంద్రనాథ్ సెలవులకని వెళ్ళి, బీహారులోని ముంగేరులో కలరాతో పోయాడు. పదకొండేళ్ళు కూడా నిండలేదు. తండ్రి రైల్లో తిరిగి వస్తుంటే ఆకాశం నిండా వెన్నెల. ఎక్కడా ఏమీ తగ్గినట్టు లేదు.

పాతికేళ్ళ తర్వాత, 1932లో, ఆయన మరో కూతురు మీరా కొడుకు జర్మనీలో క్షయతో పోయాడు. ఇరవై ఏళ్ళవాడు. దూరదేశంలో బిడ్డను పోగొట్టుకున్న ఆ తల్లికి రాసిన ఉత్తరంలో టాగూర్ ఆ రైలు ప్రయాణం గుర్తు చేసుకున్నారు. తన కొడుకే వెన్నెలై వచ్చాడని అనలేదు. లోకంలో ఏదీ తగ్గలేదు, అంతా ఆ నిండుదనంలోనే ఉంది, నేనూ అందులోనే ఉన్నాను, నా పని కూడా మిగిలే ఉంది అని తన మనసు చెప్పిందని మాత్రం రాశారు.

ఈ మాట నాకు చాలాకాలం మింగుడుపడలేదు. మా అక్క కొడుకు ఆరేళ్ళప్పుడు మెదడువాపు జ్వరంతో పోయాడు. తెల్లవారుజామున మూడింటికి ఫోను వచ్చింది. అది అక్టోబరు. పొద్దున తలుపు తీస్తే వీధి పొడుగునా మేపుల్ చెట్లు ఎర్రగా, పెళ్ళివారిల్లులా ఉన్నాయి. ఆ అందం చూస్తే నాకు కోపం వచ్చింది. టికెట్టు దొరికి నేను వెళ్ళేసరికి అన్నీ అయిపోయాయి.

సంక్రాంతికి ఫోను చేస్తే అక్క అంది: “పెరట్లో మునగచెట్టు విరగబూసిందిరా. దానికేం పట్టింది? చూస్తే ఒళ్ళు మండుతోంది. కొట్టించేస్తాను.”

నా దగ్గర జవాబు లేదు. దేవుడి దగ్గర ఉన్నాడులే అక్కా అన్నాను. ఆవిడ ఫోను పెట్టేసింది.

ఇప్పుడైతే ఆ మాట అనను. చెట్టుకు మన దుఃఖం తెలియదు. తెలిసినట్టు మనం నటించనక్కర్లేదు. అదే పద్యంలో ఓదార్పుగా వచ్చిన వెన్నెల, రైల్లో ఉత్త వెన్నెలగానే ఉండిపోయింది. అయినా ఆ తండ్రి దాన్ని తిట్టలేదు, తిరిగి తన బడి పిల్లల దగ్గరికి వెళ్ళాడు. బిడ్డను పోగొట్టుకున్నవాళ్ళకు ఫోను చేసినప్పుడు సమాధానాలు చెప్పకండి. కాసేపు వినండి. పిల్లాడి పేరు పెట్టి మాట్లాడండి. దూరాన ఉన్న మనం చేయగలిగింది అంతే, అది తక్కువేం కాదు.

మా అక్క చెట్టు కొట్టించలేదు. పోయినసారి వెళ్ళినప్పుడు ఆ కాయలతోనే పులుసు పెట్టింది. వాడికి మునక్కాయంటే ఎంత ఇష్టమో చెబుతూ వడ్డించింది.