అమెరికాలో మన విద్యార్థి - తొలి సెలవులు

మేము నాదర్‌గుల్ నివాసులము. హైదరాబాదు తూర్పుదెసను దిల్‌సుఖ్‌నగరును, ఎల్.బి.నగరును దాటి దక్షిణముగా వచ్చినవారికి మా ఊరు కనబడును. 1981లో వెలసిన ఎం.వి.ఎస్.ఆర్. ఇంజనీరింగు కళాశాల ఇచ్చటనే ఉన్నది. అచ్చట పట్టము పుచ్చుకొన్న పిల్లలలో పలువురు పై చదువులకై అమెరికా పోవుచుందురు. దిల్‌సుఖ్‌నగరు వీధులలో పరీక్షల శిక్షణకు, వీసా సలహాలకు సంబంధించిన బోర్డులు మేడమెట్ల పొడుగునను వ్రేలాడుచుండును. వీసా కొరకు చిలుకూరు బాలాజీ గుడిలో పదునొకండు ప్రదక్షిణములు చేసి, అది చేతికి వచ్చిన పిమ్మట నూట యెనిమిది చేయుట ఇచ్చటివారికి క్రొత్త కాదు. 2008లో హైదరాబాదులోనే అమెరికా కాన్సులేటు తెరువబడిన పిదప, వీసా కొరకై చెన్నై పోవలసిన పనియు తప్పినది.

అంతర్జాతీయ విద్యాసంస్థవారి నివేదిక ప్రకారము 2023-24 విద్యాసంవత్సరమున అమెరికాలోనున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. ఆ యేడు మన దేశము చైనాను దాటి మొదటి స్థానము పొందెను. మరుసటి యేడు ఆ సంఖ్య 3,63,019కి పెరిగెను. ఇందు మన తెలుగు బిడ్డలు ఎందరో కలరు. వారిని సాగనంపునాటివరకు చేయవలసిన పనులన్నియు మనకు కంఠస్థములే. కుక్కరు ఏ పెట్టెలో సర్దవలెనో, ఆవకాయ సీసాకు ఎన్ని చుట్లు కాగితము చుట్టవలెనో ప్రతి తల్లికిని తెలియును. కాని వెళ్లిన మూడు నాలుగు మాసములకు వచ్చు తొలి సెలవులను గూర్చి ముచ్చటించుకొనుట అరుదు. నేటి ప్రసంగమునకు అదియే విషయము.

సెలవులనగానే మన మనస్సులో మెదలునది ఇంటికి వచ్చుట. వసతిగృహములో చదువుకొను పిల్లవాడు పెట్టె పట్టుకొని బస్సు దిగును. తల్లి పొయ్యి వెలిగించును. అమెరికాలో తొలి యేడు గడుపు విద్యార్థికి సెలవులన్నచో దీనికి తలక్రిందు. అందరును ఇండ్లకు పోవుదురు, అతడు మిగిలిపోవును. ఈ భేదమును ముందుగా గ్రహించుట ఆ బిడ్డకును మేలు, ఇచ్చటనున్న మనకును మేలు.

మొదట అతని దినచర్యను చూతము. ఆగస్టు మాసమున అతడు అచ్చట దిగును. విమానాశ్రయమునకు వచ్చి తోడ్కొని పోవువారు సాధారణముగా అతనికన్న ముందు వెళ్లిన మన పిల్లలే. వారిని సీనియర్లందురు. రెండు పడకగదుల ఇంటిలో నలుగురు చేరి అద్దె పంచుకొందురు. వంటకు వంతులు, గిన్నెలు తోముటకు వంతులు కాగితముపై వ్రాసి గోడకు అంటింతురు. పప్పులో ఉప్పెంత వేయవలెనో ఎరుగని పిల్లవాడు రెండు మాసములలో చారు కాచుట నేర్చును. కందిపప్పు, చింతపండు దొరకు అంగడి తరచుగా ఊరికి దూరముగా ఉండును. కారు గల మిత్రుడు పోవునప్పుడే పది పదునైదు దినములకు సరిపడు సరకులు తెచ్చుకొనవలెను.

తరగతులు వారమునకు కొన్ని గంటలే యైనను, ఇంటివద్ద చదువవలసినదియు, వ్రాయవలసినదియు మిక్కుటము. అర్ధరాత్రికి ఒక్క నిమిషము ముందుగా కంప్యూటరు ద్వారా పని సమర్పింపవలెనను గడువులు అచ్చట మామూలు. ఎఫ్-1 వీసాపైనున్న విద్యార్థి తరగతులు జరుగు కాలమున విశ్వవిద్యాలయ ప్రాంగణములో వారమునకు 20 గంటలవరకు పని చేయవచ్చును. గ్రంథాలయములోనో, భోజనశాలలోనో అట్టి పని దొరకినచో వంటసరకుల ఖర్చు గడచును. ప్రతి వస్తువు ధరను రూపాయలలోనికి మార్చి చూచుకొను అలవాటు మాత్రము తొలి యేడు వదలదు. వెనుక బ్యాంకు అప్పు ఉన్నదని అతడు మరువలేడు.

ఇక పండుగల మాట. బతుకమ్మయు, దసరాయు వచ్చునప్పటికి అచ్చట పరీక్షలు నడుచుచుండును. దీపావళినాడు సాయంకాలము తరగతి ఉండును. సంక్రాంతి నాటికి క్రొత్త పాఠములు మొదలగుచుండును. మన పండుగ ఉన్ననాడు సెలవు లేదు. సెలవు ఉన్ననాడు మన పండుగ లేదు.

అచ్చటి సెలవుల వరుస ఇట్టిది. నవంబరు నాల్గవ గురువారము థాంక్స్‌గివింగ్, అనగా కృతజ్ఞతలు చెప్పుకొను దినము. 1863లో, అంతర్యుద్ధము జరుగుచుండగా, అధ్యక్షుడు అబ్రహాం లింకను ఈ పండుగను దేశమంతట జరుపుకొనవలెనని ప్రకటించెను. 1941లో కాంగ్రెసు శాసనముచేత నాల్గవ గురువారము స్థిరపడెను. 1621లో ప్లిమత్ అను చోట ఇంగ్లండునుండి వచ్చిన వలసవారును, వాంపనోగ్ జాతి ఆదివాసులును కలిసి భుజించిన పంటవిందును దీనికి మూలముగా చెప్పుదురు. పిమ్మట తాము పోగొట్టుకొన్న నేలను తలచుకొని, 1970 నుండి అదే దినమున ప్లిమత్‌లో సంతాపము పాటించు ఆదివాసులును కలరు. మన సంక్రాంతివలెనే ఇది పంటతో ముడిపడిన పండుగ. ఇంటిల్లిపాది ఒక్కచోట చేరి భోజనము చేయు పండుగ. టర్కీకోడి, క్రాన్‌బెర్రీ పచ్చడి, ఉడికించి మెదిపిన బంగాళాదుంప, గుమ్మడితో చేసిన తీపివంట ఆనాటి భోజనములోనివి. ఎంత దూరముననున్న బిడ్డలైనను ఆనాటికి తలిదండ్రుల ఇల్లు చేరుటకు చూతురు. అందుచేత బుధవారము సాయంకాలమునకే విశ్వవిద్యాలయ పట్టణములు బోసిపోవును.

అటుపిమ్మట డిసెంబరు నడుమవరకు పరీక్షలు. తరువాత క్రిస్మసును, నూతన సంవత్సరమును కలిసి మూడు నాలుగు వారముల సెలవు వచ్చును. ఆ దినములలో చాలచోట్ల భోజనశాలలు మూతపడును. కొన్ని విశ్వవిద్యాలయములు వసతిగృహములను కూడ మూసివేయును. ఉత్తరపు రాష్ట్రములలో సాయంకాలము నాలుగున్నరకే ప్రొద్దు క్రుంకును. ఆగస్టు నుండి తీరిక యెరుగని పిల్లవానికి ఒక్కమారుగా తీరిక దొరకును. ఇల్లు జ్ఞాపకము వచ్చునది అప్పుడే.

మా ఇంటి పిల్లవాడు వెళ్లిన తొలి యేడు అతనితో నివసించు ముగ్గురును ఆ గురువారమునకు బంధువుల ఇండ్లకు పోయిరి. మనవానికి ఆ దేశమున బంధువులు లేరు. గ్రంథాలయములో అతనికి పైఅధికారిణియైన పెద్దావిడ మంగళవారమునాడు, “గురువారము భోజనము ఎక్కడ?” అని అడిగినదట. పని ఉన్నదని చెప్పి తప్పించుకొనవలెనని అతనికి తోచినది. పరాయి ఇల్లు, మాంసాహారము, క్రొత్త మాటతీరు, పైగా ఇవ్వదగిన కానుక ఏమియు చేతలేదు. ఐనను పులిహోర కలుపుకొని వెళ్లెను. ఆ ఇంట భోజనమునకు ముందు ఒక్కొక్కరును తాము ఎవరికి కృతజ్ఞులో చెప్పుట ఆచారము. తన వంతు వచ్చినప్పుడు, తాను దిగిన రాత్రి రెండు గంటల దూరము కారు నడుపుకొని వచ్చి విమానాశ్రయములో నిలిచిన సీనియరును తలచుకొనెనట. ఆ రాత్రి ఫోనులో వాళ్ల అమ్మ, “తిన్నావా నాన్నా?” అని అడుగగా, “తిన్నానమ్మా, ఒక్కడినే కాదు” అని చెప్పెను. ఆ రెండవ మాట విన్న పిదపనే ఆమె నిదురించినది.

ఈ ఒంటరితనము నేటిది కాదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1920 దశకపు తొలినాళ్లలో ఉష్ణమండల వైద్యము చదువుటకై హార్వర్డునకు పోయిరి. వారు బోస్టను చేరినది అక్టోబరు మాసాంతమున, చలి ముదురు వేళ. పొట్ట గడచుటకై ఆసుపత్రిలో రాత్రివేళ సేవకుని పని చేసిరి. నాడు ఇంటికి వ్రాసిన ఉత్తరము ఓడలో వారముల తరబడి ప్రయాణము చేయవలసియుండెను. 1948లో కన్నుమూయువరకు వారు మరల స్వదేశమును చూడలేదు.

దీనికి మందు కనుగొన్నవారును ఆ దేశముననే కలరు. 1909లో హారీ ఎడ్మండ్స్ అను యువకుడు న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయ గ్రంథాలయపు మెట్లపై ఎదురైన చైనా విద్యార్థిని పలుకరించెను. తాను ఆ నగరమునకు వచ్చి మూడు వారములైనదనియు, తనతో మాటాడిన మొదటి మనిషి ఆయనయే అనియు ఆ విద్యార్థి బదులు చెప్పెనట. ఎడ్మండ్స్ దంపతులు నాటినుండి విదేశ విద్యార్థులను ఆదివారములందు తమ ఇంటికి భోజనమునకు పిలువసాగిరి. ఆ పిలుపే పెరిగి పెద్దదై 1924లో న్యూయార్కున ఇంటర్నేషనల్ హౌస్ అను విద్యార్థి నివాసమైనది. 1930లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో అట్టిదే మరియొకటి వెలసినది. ఇంతటి సంస్థకు మూలము ఒక పలుకరింపు, ఒక పూట భోజనము.

కావున ప్రయాణమునకు సిద్ధపడుచున్న విద్యార్థులకు మేము చెప్పదలచినది ఇది. ఎవరైన భోజనమునకు పిలిచినచో మొగమాటపడి కాదనవలదు. మాంసము తినని సంగతి ముందుగా చెప్పిన ఎవరును తప్పుగా తలపరు. చెప్పిన వేళకు పోవలెను. చేతనైన వంటకము కొంచెము తీసికొనిపోవలెను. భోజనానంతరము గిన్నెలు సర్దుటకు చేయి వేయవలెను. పిలుపు రానిచో మిగిలియున్న నలుగురిని తామే పిలువవలెను. ఒక నేపాలీ, ఒక నైజీరియావాడు, ఒక తెలుగువాడు కలిసి వండుకొన్నచో అదియే పండుగ. సెలవులలో వసతి ఉండునో ఉండదో అక్టోబరులోనే విదేశ విద్యార్థుల కార్యాలయములో విచారించుకొనవలెను.

జాగ్రత్త మాటలు రెండు. సెలవులలో ధనము సంపాదింపవలెనను తొందరలో అనుమతి లేని పనికి పోరాదు. దానివలన వీసాస్థితికే భంగము కలుగును. దిగులు పెరిగి నిద్రాహారములు తప్పినచో దాచుకొనరాదు. విశ్వవిద్యాలయములలో సలహాదారులు కలరు. మనస్సు మిక్కిలి కలతపడిన వేళ ఎవరైనను పిలువదగిన 988 అను టెలిఫోను సంఖ్య 2022 నుండి ఆ దేశమంతట పని చేయుచున్నది.

ఇక తలిదండ్రుల మాట. నవంబరు మొదటి ఆదివారమున అమెరికాలో చాల భాగమున గడియారములను ఒక గంట వెనుకకు త్రిప్పుదురు. అప్పుడు న్యూయార్కునకు మనకు పదిన్నర గంటల తేడా, డాలసునకు పదకొండున్నర. మనము ఉదయము ఏడు గంటలకు పిలిచినచో అచ్చట ముందురోజు రాత్రి ఎనిమిదిన్నరో, ఏడున్నరో అగును. వంట ముగిసి బిడ్డ తీరికగానుండు వేళ అది. ఆ సమయమున ఉద్యోగము సంగతియు, పొరుగువారి అబ్బాయి జీతము సంగతియు ఎత్తవలదు. ఏమి వండినావు, ఎవరితో తిన్నావు, ఎన్ని గంటలు నిద్రపోయినావు అని అడుగుడు. “బాగానే ఉన్నాను” అను మాట ఎట్టి గొంతుతో వచ్చుచున్నదో ఆలకింపుడు. సంక్రాంతి అరిసెలు పంపలేకపోయినను, పాకము పట్టు తీరును ఫోనులో చెప్పవచ్చును.

ఒక్క మాట మిగిలినది. సంక్రాంతికి హైదరాబాదు సగము ఖాళీ యగును. బస్సులు, రైళ్లు కిక్కిరిసిపోవును. ఆ దినములలో ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుకొను ఆఫ్రికా, ఆసియా దేశముల విద్యార్థులు ఊరు కాని ఊరిలో మిగిలియుందురు. వారి తల్లులును ఫోనువద్ద కూర్చుండి, తిన్నావా అని అడుగుచుందురు. మన బిడ్డకు అచ్చట ఒక తల్లి అన్నము పెట్టవలెనని కోరుకొనుచున్న మనము, ఇచ్చట ఒక బిడ్డకు పొంగలి పెట్టుట న్యాయము. ఈ సంక్రాంతికి విస్తళ్లు లెక్కపెట్టునప్పుడు ఒకటి అదనముగా వేయుడు.