రేపటి బండిలో ఏముండాలి?

(2025 నవంబరులో, వక్ఫ్ అవగాహన స్కూటరు యాత్రకు ముందురోజు సాయంత్రం రాజమహేంద్రవరంలో చేసిన ప్రసంగ పాఠం)



పెద్దలారా, సోదరులారా, రేపు తమ సొంత స్కూటర్లపై బయలుదేరనున్న సోదరీమణులారా!

వక్ఫ్ చట్టంపై మరొక ఉపన్యాసం ఉంటుందని మీరు వచ్చి ఉంటారు. నేను మాత్రం మీ బండి డిక్కీ గురించి మాట్లాడదలచాను. ఇది చిన్న విషయమని అనుకోవద్దు. రేపటి మన యాత్ర గౌరవం ఆ డిక్కీలో ఏముందన్న దానిపైనే ఆధారపడి ఉంది.

ఫజర్ నమాజు అయ్యాక ఇక్కడి నుంచి కడియపులంక, రావులపాలెం, కొత్తపేట మీదుగా అమలాపురం చేరతాం. ఆదివారం ముమ్మిడివరం, ఎదుర్లంక, యానాం దాటి కాకినాడలో ముగిస్తాం. దారిలోని మసీదుల దగ్గర ఆగి ముతవల్లీలతో కూర్చుంటాం. ఎందుకో మరొకసారి చెబుతాను. 2025 ఏప్రిల్ 8న అమలులోకి వచ్చిన సవరణ చట్టం, చిరకాల వినియోగం వల్ల వక్ఫ్‌గా గుర్తింపు పొందే పద్ధతిని ఇకముందుకు తొలగించింది. అప్పటికే రిజిస్టరైన అలాంటి ఆస్తులకు రక్షణ ఉంది. అయితే వివాదంలో ఉన్నవాటికి, ప్రభుత్వ భూమి అన్నవాటికి ఆ రక్షణ లేదు. సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు కొన్ని నిబంధనలను నిలిపివేసింది కాని, ఈ తొలగింపును నిలపలేదు. రిజిస్టరైన ఆస్తుల వివరాలను జూన్ 6న ప్రారంభమైన ఉమీద్ పోర్టల్‌లో నమోదు చేయాలి. ఆరు నెలల గడువు డిసెంబరు మొదటి వారంతో తీరిపోతుంది.

ఇక డిక్కీ తెరుద్దాం. మొదట మీ కాగితాలు. లైసెన్సు, ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉండాలి. డిజిలాకర్‌లో చూపినా చెల్లుతుంది. కాని ఫోను చార్జింగ్ అయిపోతే ఏమీ చూపలేం. అందుకే జిరాక్స్ ప్రతులు ఒక కవరులో పెట్టుకోండి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు తాళం ఇవ్వకండి. మైనరు బండి నడిపి పట్టుబడితే చట్టం తండ్రిని లేదా బండి యజమానిని బాధ్యుణ్ణి చేస్తుంది. 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. ఒక కుర్రవాడి సరదా రేపు అందరి మాటనూ పక్కకు నెట్టేస్తుంది.

రెండవది అనుమతి పత్రం. 2022 ఏప్రిల్ 4 నుంచి మన పాత తూర్పుగోదావరి జిల్లా విడిపోయింది. రాజమహేంద్రవరం, అమలాపురం, కాకినాడ ఇప్పుడు మూడు వేర్వేరు జిల్లాల కేంద్రాలు. మధ్యలో యానాం పుదుచ్చేరికి చెందినది. కాబట్టి దరఖాస్తులు నాలుగు చోట్ల ఇచ్చాం. వాటి ప్రతులు ముందు బండిలోనూ చివరి బండిలోనూ ఉంటాయి. రోడ్డుపై సభలు, ఊరేగింపులు నియంత్రిస్తూ 2023 జనవరిలో వచ్చిన మొదటి నంబరు జీవోను అదే ఏడాది మే నెలలో హైకోర్టు కొట్టివేసింది. శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే హక్కు రాజ్యాంగంలోని 19వ అధికరణం ఇచ్చినది. 'ఆయుధాలు లేకుండా' అన్న మాటను మనం అక్షరాలా పాటించాలి.

అందుకే మూడవ మాట, ఏవి తీసుకురాకూడదో చెబుతాను. జెండాలకు పొడుగు కర్రలు వద్దు. వంతెనపై గాలికి అవి వెనుకవారి ముఖాన తగులుతాయి, చూసేవారి కంటికి లాఠీల్లా కనబడతాయి. బ్యానరు హెడ్‌లైటును, నంబరు ప్లేటును కప్పకూడదు. ముఖ్యంగా, సీసాలో అదనపు పెట్రోలు వద్దు. 2022 మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబడ్డాయి. ఆ మంటలు చూసిన పట్టణంలోకి మనం వెళుతున్నాం. అక్కడ మన డిక్కీలో పెట్రోలు సీసా దొరికితే, మనం ఎందుకు వచ్చామో వినేవారుండరు. ట్యాంకు నిండా ఇక్కడే కొట్టించుకోండి.

నాలుగవది బరువు. బరువైనవి కిందికి, కాళ్ల దగ్గర హుక్కుకు సంచీ ఒక్కటే. హ్యాండిలుకు ఏమీ తగిలించవద్దు. జొన్నాడ దాటాక గౌతమి వంతెనపై లారీ పక్కనుంచి పోతే ఎత్తుగా కట్టిన మూట బండిని లాగేస్తుంది. ఇది కోతల కాలం. రోడ్డుపై ఒకవైపు ధాన్యం ఆరబోసి, అంచున రాళ్లు పెట్టి ఉంటారు. మరోవైపు పిట్టగోడ లేని కాలువ ఉంటుంది. అలాంటి చోట ఒకరి వెనుక ఒకరుగా, నిదానంగా పోవాలి. ఆ ధాన్యం రైతు ఏడాది కష్టం. దానిపై మన చక్రం పడకూడదు. బండికి ఇద్దరే, ఇద్దరికీ హెల్మెట్లు. నాలుగేళ్లలోపు పిల్లలుంటే హెల్మెట్టూ సేఫ్టీ హార్నెస్సూ తప్పనిసరి, వేగం 40 కిలోమీటర్లు మించరాదు. సోదరీమణులారా, బురఖా అంచు, దుపట్టా కొస వెనుక చక్రంలో చిక్కకుండా కింద మడిచి కూర్చోండి. ప్రతిసారీ చూసుకోండి. నీళ్ల సీసాలు, జానమాజు, చిన్న మందుల పెట్టె, రెయిన్‌కోటు ఉంటే చాలు.

చివరిది, అసలైన సరకు. ఆస్తి పత్రాల అసలు ప్రతులు ఎవరూ తీసుకురావద్దు. డిక్కీలోకి వాననీరు రాదని నమ్మకండి. ముంతఖబ్ నకలు, గెజిట్ పేజీ, సర్వే నంబరు, అడంగల్, హద్దుల వివరం జిరాక్సులుగా, రెండు ప్లాస్టిక్ కవర్లలో పెట్టండి. పవర్‌బ్యాంకు మరువకండి. ఊరి ముతవల్లీ దగ్గర ఉన్న కాగితాన్ని అక్కడికక్కడే ఫొటో తీసి, వివరాలు నింపి ఇవ్వడమే మన పని.

ఒక మాట చెప్పి ముగిస్తాను. మా నాన్నగారిని సమాధి చేసిన ఖబరస్తాన్ కాలువ గట్టున ఉంది. దానికి పత్రమేదని అడిగితే "ఈ సమాధులే పత్రాలు బాబూ" అనేవారు మా పెద్దలు. నేను ఆ జమాత్ కార్యదర్శిగా ఉన్న పదేళ్లలో ఆ మాటనే నమ్మి, ఫైలు తెరవలేదు. గత నెల తెరిచాను. రసీదులో ఒక సర్వే నంబరు, రికార్డులో మరొకటి. సరిదిద్దవలసినవాడు ఏ అధికారో కాదు, ఆనాడు సంతకం పెట్టే చోట కూర్చున్న నేనే. ఇప్పుడు ఆ పని కోసం తిరుగుతున్నాను. ఎంతవరకు నెగ్గుతానో అల్లాహ్‌కే తెలుసు.

కాగితం లేకుండా రోడ్డెక్కిన బండిని ఆపేస్తారని మనకు తెలుసు. మన పూర్వీకులు పడుకున్న నేలకు కూడా ఆ కాగితం కావాలని ఆలస్యంగా తెలుసుకున్నాం. ఈ రాత్రి డిక్కీ సర్దేటప్పుడు మీ ఊరి ఖబరస్తాన్ ఫైలు ఎక్కడుందో కూడా ఇంట్లో అడగండి.

అల్లాహ్ మన ప్రయాణాన్ని క్షేమంగా, మన శ్రమను ఫలవంతంగా చేయుగాక. ఆమీన్.