శాస్త్రమునకును పరిశ్రమకును నడుమ

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఇరువదియైదేండ్లు నిండిన యీ గ్రంథాలయమున పురాణకావ్యములను గూర్చి ముచ్చటించుట నాకు వాడుక. నేడు మాత్రము, శాస్త్రజ్ఞులు కనుగొన్న విషయము కర్మాగారమును జేరి, అచ్చటినుండి మన యిండ్లకు వచ్చు మార్గమును గూర్చి నాలుగు మాటలు చెప్ప సంకల్పించితిని. ఇది పట్టణవాసులకు మాత్రమే చెందిన విషయమని తలపవలదు. ఓటు వేసిన నాడు మన వ్రేలిపై పెట్టు సిరాయే యిందుకు సాక్షి. దానిని ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలవారు రూపొందించిరి. 1962 నాటి సార్వత్రిక ఎన్నికలు మొదలుకొని మైసూరులోని రంగుల కర్మాగారమువారు తయారుచేయుచున్నారు. అందలి సిల్వర్ నైట్రేటు చర్మమునంటి, వెలుతురు సోకగా నల్లబడును. నీటికి గాని సబ్బునకు గాని లొంగదు. ఈ గుణము రసాయన గ్రంథములలో ఏనాటినుండియో యున్నదే. గ్రంథములోని గుణము సీసాలోని సిరా యగుటకు నడుమ నొకరు పనిచేయవలసి వచ్చినది. ఆ నడిమి పనివారే నా ప్రసంగమునకు విషయము.

క్షీరసాగర మథనకథ మీకందఱకును విదితమే. కవ్వమునకు మందరగిరి యున్నది, త్రాటికి వాసుకి యున్నాడు, లాగుటకు దేవదానవులున్నారు. అయినను అడుగున నాధారము లేక కొండ క్రుంగిపోయినది. కూర్మము వీపు నొగ్గిన పిమ్మటగాని చిలుకుట సాగలేదు. దేశమున విశ్వవిద్యాలయములున్నను, ధనవంతులగు కర్మాగారాధిపతులున్నను, అట్టి యాధారము లేనిచో ఫలము చేతికి రాదు. పండితుడు గాజుకుప్పెలో గ్రుక్కెడు ద్రవముతో చేసిన పని వేయి మణుగుల తొట్టిలో అట్లే జరుగునని నమ్మరాదు. వేడి సమముగా పాకదు, కలియబెట్టుట కుదరదు, ఖర్చు లెక్కకు మించును. ఆ నష్టమును భరించుటకు వర్తకుడు జంకును. అది తన పని కాదని పండితుడు తలచును. ఈ నడుమ చిన్న కర్మశాలను నెలకొల్పి, లోపములు దిద్ది, ఖర్చు గట్టి, పనివారికి నేర్పి యొప్పగించుటయే పారిశ్రామిక పరిశోధన సంస్థల కర్తవ్యము.

ఒక నిదర్శనము చెప్పెదను. శాంతిస్వరూప్ భట్నాగరు లాహోరులో రసాయనాచార్యుడుగా నుండగా, నూనెబావులు త్రవ్వు అటాక్ ఆయిల్ కంపెనీవారికి ఒక చిక్కు గలిగెను. త్రవ్వుటలో వాడు బురద, భూమిలోని ఉప్పునీరు తగులగానే గట్టిపడి, పని నిలిచిపోవుచుండెను. ద్రవములో తేలు సూక్ష్మకణములు ఉప్పు తగిలిన నేల ముద్దకట్టునో ఆయన యెఱుగును. మన దేశపు జిగురు నొకదానిని ఆ బురదలో కలుపుడని చెప్పెను. అంతటితో చిక్కు తీఱెను. కంపెనీవారు సంతసించి 1,50,000 రూపాయలు చూపగా, ఆ సొమ్ము విశ్వవిద్యాలయము ద్వారమున పరిశోధనకే వినియోగమగునట్లు చేసెను. 1942 సెప్టెంబరు 26న శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి యేర్పడినప్పుడు దానిని నడపు భారము ఆయనపై బడుట యుచితమే గదా! ప్రయోగశాలలలో సిద్ధమైన విధానములను కర్మాగారములకు లైసెన్సులుగా నిచ్చుటకు 1953లో జాతీయ పరిశోధనాభివృద్ధి సంస్థయు నేర్పడినది.

ఓర్పు లేనివారికి ఈ మార్గము పనికిరాదు. స్వరాజ్ ట్రాక్టరు లెక్క చూడుడు. దుర్గాపురములోని కేంద్ర మెకానికల్ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు దాని రూపకల్పనను 1965లో నారంభించిరి. పంజాబులో దానికై 1970లో కంపెనీ వెలసెను. 1974లో గాని బండి అంగడికి రాలేదు. తొమ్మిదేండ్లు! నడుమ నెవ్వరు విసిగినను ఆ కాగితములు బీరువాలోనే యుండెడివి.

ఇక మన తెలుగువారి కృషిని ఇంచుక విస్తరించి చెప్పెదను. తెనాలి చేరువనున్న యలవర్రులో 1922లో కర్షక కుటుంబమున జన్మించిన యలవర్తి నాయుడమ్మగారు తోళ్ళ శాస్త్రమును నేర్చిరి. తోలుపని చేయువారిని ఊరి వెలుపల నుంచిన కాలమది. చెప్పును, మోటకు తోలుతిత్తిని, డప్పును చేసి యిచ్చిన చేతులను సంఘము అంటరానివన్నది. ఆ చేతులలో శాస్త్రమున్నదని గుర్తింపలేదు. పచ్చితోలును సున్నపు తొట్టిలో నానవేసి, వెండ్రుకలు తీసి, తంగేటి చెక్క కషాయములో వారముల తరబడి యూరబెట్టుట సామాన్యమైన పనియా? ఆ చెక్కలోని వగరు పదార్థము తోలులోని పోగులను బట్టుకొని, కుళ్ళకుండ కాపాడును.

మద్రాసులో 1948లో నెలకొన్న కేంద్ర చర్మ పరిశోధన సంస్థకు ఆయన 1958 మొదలు 1971 వఱకు అధిపతి. అచ్చట ప్రయోగశాలకు తోడు తోలు పదును చేయు కర్మశాలయు నుండెను. విద్యార్థులును, పరిశోధకులును, తోళ్ళ వర్తకులును ఒకచోట గలిసికొను నేర్పాటు గలిగెను. ఆ దినములలో మన దేశము పచ్చితోళ్ళను, సగము సిద్ధమైన తోళ్ళను ఓడల కెక్కించుచుండెను. లాభములో పెద్దపాలు వానిని బూట్లుగా మార్చిన పరదేశములకు దక్కుచుండెను. 1973 మొదలు ప్రభుత్వము సగము సిద్ధమైన తోళ్ళ యెగుమతికి పరిమితి విధించినది. అట్టి యాజ్ఞ నిలువవలెనన్న, పూర్తి పని చేయగలవారు దేశమున నుండవలెను గదా! సంస్థ తీర్చిన జనమును, విధానములును అప్పు డక్కఱకు వచ్చినవి. 1971లో పరిశోధన మండలికే అధిపతియైన ఆ మహనీయుడు 1985లో కనిష్క విమాన విధ్వంసమున అసువులు బాసెను.

అమృతమునకు ముందు హాలాహలము పుట్టినదను మాట మఱువరాదు. తమిళనాట వేలూరు ప్రాంతమున తోళ్ళ కర్మాగారములు పెరిగి, వాని మురుగు పాలారు నదిని, పొలములను జేరినది. పాలారనగా క్షీరనదియే! 35,000 హెక్టార్లకు దగ్గఱగా, అనగా ఇంచుమించు 86,000 యెకరముల భూమి, కొంతయో పూర్తిగనో సాగునకు పనికిరాకపోయినదను విషయము 1996 నాటి సుప్రీంకోర్టు తీర్పునకెక్కినది. న్యాయస్థానము ఒక్కొక్క కర్మాగారమునకు 10,000 రూపాయల జరిమానా విధించినది. తోలునకు పట్టక మిగిలిన క్రోమియమును రాబట్టి మరల వాడుట, ఎంజైములతో వెండ్రుకలు తీయుట మొదలగు విధానములను చర్మ పరిశోధన సంస్థ సిద్ధపఱచినది. మేలే! కాని పొలము పోయిన రైతునకు అవి యాలస్యముగ నందినవి. చిట్టా మొదటి పుటలోనే మురుగునకు పద్దు వ్రాయని పరిశ్రమ, ఆ యప్పును పొరుగువానిచే తీర్పించును. లెక్కలు వ్రాసికొను నాకు ఇంతకంటె స్పష్టమైన మాట తోచదు.

కడపట కార్యవర్గమునకు నాదొక విన్నపము. నూనెబావి యొద్ద చిక్కు ప్రయోగశాలకు చేరుటచేతనే భట్నాగరు సమాధానము చెప్పగలిగెను. మన యూరి చిక్కులు మన గట్టు దాటుటలేదు. రైతు గాని, కుమ్మరి గాని, చర్మకారుడు గాని, తన పనిలోని యిబ్బందిని చెప్పిన, వ్రాసికొనుటకు ఈ గ్రంథాలయమున నొక పుస్తకము నుంచుడు. చదువు రానివారి మాటను మన విద్యార్థులు వ్రాయుదురు గాక. నెలకొకసారి వానిని ఏర్చి, తగిన పరిశోధన సంస్థకు జాబు పంపుడు. అన్నింటికిని సమాధానము రాకపోవచ్చును. ఒక్కదానికి వచ్చినను ఈ రజతోత్సవము సార్థకమగును.