పికప్ బండికి ఏ గేర్లు మేలు?



ఖమ్మము మొదలుకొని భద్రాచలపు అడవుల వఱకు గల మన పల్లెలలో ఇప్పుడొక క్రొత్త చర్చ వినబడుచున్నది. మిరపపంట చేతికి వచ్చిన యింటను, జామాయిలు కోతకు వచ్చిన యింటను, “పికప్ బండి కొందము” అని కుమారులందురు. అంతవఱకు పెద్దలకు సమ్మతమే. పిదప, “చేతితో గేర్లు మార్చు బండి వద్దు, తానుగా మార్చుకొను బండి కావలెను, దానికి బలమును వేగమును ఉండవలెను” అందురు. పెద్దలు దానిని సోమరితనమందురు. పిన్నలు నాగరికత యందురు. నేను పాఠశాలలో ఉపాధ్యాయుడనై యుండి విశ్రాంతి గొన్నవాడను, మెకానిక్కును గాను. అయినను లక్షణము తెలియక వస్తువును గొనరాదని మా గురువులు నేర్పిన మర్యాద. కావున ముందు లక్షణము చెప్పి, పిమ్మట ఎంపికను చెప్పెదను.

గేరు ఎందులకు? బస్తా మోయువాడు గట్టు నెక్కునప్పుడు చిన్నయడుగులు వేయును. చదునునేలపై అంగలు చాచి నడచును. ఇంజనును అట్టిదే. అది తగిన వేగముతో తిరుగునప్పుడే నిండుబలము నిచ్చును. ఎగువదారిలో ఇంజను పలుమాఱులు తిరిగి చక్రము కొద్దిగా తిరుగవలెను. చదునుదారిలో దీనికి విపర్యయము. ఈ యడుగుల మార్పే గేరు. చేతిగేర్ల బండిలో క్లచ్చి త్రొక్కి, రాడ్డు మార్చి ఆ పని మనము చేయుదుము. ఆటోమేటిక్ బండిలో యంత్రము చేయును. అది చేయు విధములు ముఖ్యముగా నాలుగు.

మొదటిది టార్కు కన్వర్టరు. రెండు పంకాలను ఎదురెదురుగా నిలిపి ఒకదానిని త్రిప్పినచో, దాని గాలికి రెండవదియు తిరుగును గదా! ఇచట గాలికి బదులు నూనె. ఇంజను త్రిప్పు చక్రము నూనెను విసరును. ఆ నూనె రెండవచక్రమును త్రిప్పును. నడుమనున్న మూడవచక్రము తిరిగివచ్చు నూనెను మరల్చి సాయముగా పంపుటచే, బండి కదలునప్పుడు బలము సుమారు రెండింతలగును. దీని వెనుకనుండు గేర్ల కూర్పు మన జ్యోతిషులకు ముచ్చట గొల్పును: నడుమ సూర్యచక్రము, దానిచుట్టు గ్రహచక్రములు. పాశ్చాత్యులును వానికి ఆ పేళ్లే పెట్టిరి. నూనెతో బలమును పంపు ఉపాయమును జర్మనీ దేశీయుడగు హెర్మన్ ఫోటింగరు 1905లో ఓడలకొఱకు కల్పించెను. నూనెచక్రములును గ్రహచక్రములును గూడిన గేర్లు 1939లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ కార్లతో అంగడికి వచ్చెను.

రెండవది ఏ.ఎం.టి. ఇది చేతిగేర్ల పెట్టెయే. క్లచ్చి త్రొక్కుటయు గేరు మార్చుటయు మాత్రము ఒక యంత్రహస్తము చేయును. మన దేశమున 2014లో మారుతి సెలేరియో కారుతో ఇది సామాన్యులకు చేరినది. వెల తక్కువ, డీజిలు, పెట్రోలు ఖర్చును తక్కువే. అయితే గేరు మారునప్పుడు బండి తల యూచినట్లగును. ఎగువదారిలో బరువుతో ఆగి కదలునప్పుడు క్లచ్చి అరుగును.

మూడవది రెండుక్లచ్చిల పద్ధతి. ఒక క్లచ్చి బేసిగేర్లకు, ఒకటి సరిగేర్లకు. ఒక గేరు పనిచేయుచుండగనే తరువాతిది సిద్ధముగా నుండును గనుక మార్పు రెప్పపాటులో జరుగును. రహదారిపై పరుగునకు ఇది దొడ్డది. బరువుతో నత్తనడక నడచునప్పుడు, ముఖ్యముగా నూనెలో మునుగని క్లచ్చిలైనచో, వేడెక్కును. నాలుగవది సి.వి.టి.; రెండు కప్పీలు, నడుమ పట్టీ. మెత్తగా సాగును, చిన్నకార్లకు చాలును. బరువులాగు పికప్పునకు తగినది కాదు.

అందుచేతనే బలమైన పికప్పులు చేయువారు తఱచుగా మొదటిదానినే కోరుకొందురు. అమెరికాలో ఈ వివాదము మఱియొక రూపమున నడచినది. అచట జనరల్ మోటార్సువారి టర్బో హైడ్రామేటిక్ 400 అను మూడుగేర్ల పెట్టె 1964లో వచ్చినది; అది మొండిబలము గలది. 1982లో వారిదే 700ఆర్4 అను నాలుగుగేర్ల పెట్టె వచ్చినది. దాని నాలుగవగేరు దూరప్రయాణమున ఇంజనును నెమ్మదిగా తిరుగనిచ్చి పెట్రోలు మిగుల్చును. బలమా, పొదుపా అని ఆ దేశపు ఔత్సాహికులు ఏండ్లకొలది వాదించిరి. నేటి ఆఱు, ఎనిమిది, పది గేర్ల పెట్టెలు ఆ రెండింటిని కలుపు యత్నమే.

మన దేశపు సంగతి. ఇసుజువారి కర్మాగారము 2016లో శ్రీసిటీయందు, అనగా తెలుగునేలమీదనే, ప్రారంభమైనది. వారి వి-క్రాస్ పికప్పునకు ఆఱుగేర్ల టార్కు కన్వర్టరు గల రకము వచ్చినది. 2022లో వచ్చిన టొయోటా హైలక్సు మఱింత గమనింపదగినది. దాని 2.8 లీటర్ల ఇంజను ఒక్కటే. చేతిగేర్లతో 420 న్యూటన్ మీటర్ల త్రిప్పుబలము, ఆటోమేటిక్ గేర్లతో 500. చేతిగేర్లే బలమైనవన్న మన నమ్మకమునకు ఈ యొక్క లెక్క సమాధానము చెప్పుచున్నది.

ఇక పెద్దలు విచారింపవలసినవి చెప్పెదను. మొదటిది, బండి యేమి మోయును? కిరాయికి బస్తాలు తోలి వడ్డీ తీర్చవలసిన యింటికి చేతిగేర్ల బొలెరో వంటి బండియే మేలు. వెల తక్కువ, ఊరిలోని మెకానిక్కు విప్పి బాగుచేయగలడు, బ్యాటరీ చచ్చినచో నలుగురు త్రోసి నడిపింపవచ్చును. టార్కు కన్వర్టరు బండిని త్రోసి నడిపింపజాలము. చక్రములు నేలనుండగా దూరము లాగుకొనిపోవుటయు తగదు. ఇంజను తిరుగనిదే లోని నూనె పారదు, నూనె పారనిదే గేర్లు కాలిపోవును. చింతూరు దాటి మారేడుమిల్లి ఘాటులో బండి యాగినచో ఈ భేదము తెలియును.

రెండవది, దిగుడు. ఘాటు దిగునప్పుడు బండిని న్యూట్రలులో వదలుట ప్రాణాంతకము. ఆటోమేటిక్ బండిలోను గేరును చేతితో తగ్గించి పట్టు వీలుండును. దానిని వాడక కాలిబ్రేకునే నమ్మినచో బ్రేకులు కాగి పట్టువిడచును. బండి కొనుటకు ముందు ఆ మీట యెచటనున్నదో కుమారునిచేత చూపించుకొనుడు. చూపలేనివానికి తాళము ఈయకుడు.

మూడవది, నీరు. 1986లో, 2022లో భద్రాచలమున గోదావరి డెబ్బది అడుగులు దాటినది. మన వాగులు వానకు ఊరక పొంగును. గేరుబాక్సులో నీరు చేరినచో ఎఱ్ఱని నూనె పాలు కలిసినట్లగును. అంతట బండిని నడుపక, నూనెను మార్పించవలెను.

నాలుగవది, బలము పెంచు వ్యసనము. కొందఱు యువకులు ఇంజను కంప్యూటరును మార్పించి బలము పెంచుకొందురు. గేరుబాక్సు ఇంతబలమునకని కొలిచి చేసినది. మోకు అదియే యుండగా బాన పెద్దదైనచో మోకు తెగును. వారంటీయు పోవచ్చును.

అన్నిటికంటె ముఖ్యమైనది వాకిలి. ఆటోమేటిక్ బండి డి గుర్తునందుండగా బ్రేకు విడచిన మాత్రమున, యాక్సిలరేటరు త్రొక్కకున్నను, తనంత ముందుకు ప్రాకును. మన వాకిళ్లలో పసివారాడుకొందురు. కావున బండి నిలిపినంతనే పి గుర్తునకు మార్చి, చేతిబ్రేకు వేసి, ఇంజను ఆపి, తాళము తీయవలెను. రెండు పెడళ్లను కుడికాలితోడనే వాడవలెను; ఎడమకాలు కదపరాదు.

నా నిర్ణయ మిది. కిరాయికైనచో చేతిగేర్లు. ఇంటివారు పలువురు నడుపుచు, కొండదారిలో తఱచుగా తిరుగుచు, వెలకు ఓర్వగలవారైనచో టార్కు కన్వర్టరు. దాని నూనెను కంపెనీ పుస్తకము చెప్పిన గడువుకు, బరువుపని యెక్కువైనచో ముందే, మార్పించవలెను. ఏ.ఎం.టి. చిన్నకారుకు పొదుపు, పికప్పునకు నేను చెప్పను. రెండుక్లచ్చిలది అడవిదారికి వలదు.

ఆటోమేటిక్ గేర్లు సోమరితనము కాదు, ఘనతయు కాదు. ఎడమకాలికి పని తప్పినది. కంటికిని బుద్ధికిని తప్పలేదు. ఈ మాట ఇంటిలో పిన్నలకు మీ నోట చెప్పుడు.