సన్మానం అంటే అన్నం పెట్టడం

(ఇచ్చాపురం మండలం డొంకూరులో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశానికి వచ్చినవాళ్ళలో గుడికి వెళ్ళేవాళ్ళున్నారు, చర్చికి వెళ్ళేవాళ్ళున్నారు, గంగమ్మకు మొక్కేవాళ్ళున్నారు. నేను చర్చిలో పెరిగినదాన్ని గనుక బైబిలు నుంచి మాట్లాడతాను. నేను చెప్పే సంగతి మాత్రం మనందరి ఇళ్ళలోదీ.

టెక్కలి, సోంపేట ప్రాంతాల్లో కెనడియన్ బాప్టిస్టు మిషన్ వారు సంఘాలు నాటారు. అటువంటి సంఘంలోని సండేస్కూల్లోనే పది ఆజ్ఞలు వల్లించాను. తల్లినీ తండ్రినీ సన్మానించమనేది అయిదో ఆజ్ఞ. మాకు దాని అర్థం ఒక్కటే చెప్పారు: పెద్దలకు ఎదురు చెప్పకూడదు. ఆడపిల్ల చదువు మాన్పించినా, పదిహేనేళ్ళకే సంబంధం కుదిర్చినా, అత్తింట్లో దెబ్బలు తిని పుట్టింటికి వస్తే తిరిగి పంపించినా, ఆమె నోరు మూయించడానికి ఈ ఆజ్ఞే పనికొచ్చింది.

పెద్దయ్యాక నేను ఆ గ్రంథం మళ్ళీ చదివాను. నిర్గమకాండం 20వ అధ్యాయంలో ఈ ఆజ్ఞలు వింటున్నది పసిపిల్లలు కాదు. పశువులూ, పనివాళ్ళూ, ఇల్లూ వాకిలీ ఉన్న ఎదిగిన మనుషులు. అంటే వాళ్ళ తల్లిదండ్రులు ముసలివాళ్ళు. ఇక పనిచేయలేనివాళ్ళు. అక్కడి హెబ్రీ మాటకు మూలార్థం 'బరువు'. తల్లిదండ్రులకు బరువివ్వు, తేలిగ్గా చూడకు అని భావం. మనమేమో ముసలితల్లినే 'బరువు' అంటాం. మాట అదే. అర్థాన్నే తిరగేశాం.

ఇంకో సంగతి. ఆజ్ఞలో తల్లి పేరు కూడా ఉంది. లేవీయకాండం 19వ అధ్యాయంలోనైతే తల్లినే ముందు చెప్పారు. తిమోతికి రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయంలో దిక్కులేని విధవరాండ్రను కూడా 'సన్మానించ'మనే ఉంది. ఆ వెంటనే, పిల్లలూ మనవలూ తమ ఇంటివాళ్ళ పట్ల బాధ్యత నేర్చుకుని, కన్నవాళ్ళ రుణం తీర్చాలని ఉంది. సొంతవాళ్ళను చూడనివాడు విశ్వాసం లేనివాడికన్నా చెడ్డవాడని కూడా ఉంది. కాబట్టి సన్మానమంటే శాలువా కప్పడం కాదు, కాళ్ళకు దండం పెట్టడం కాదు. వేళకు అన్నం, మందులు, ఉండడానికి చోటు.

ఈ తీరంలో నాకు తెలిసిన ఒకామె సంగతి చెబుతాను. ఊరూ పేరూ చెప్పను. భర్త వేటకు వెళ్ళేవాడు, పోయాడు. ఆమె ఎండుచేపలు అమ్మి ఇద్దరు కొడుకుల్ని పెంచింది. పెద్దవాడు ఇల్లు తన పేర రాయించమంటే దాన దస్తావేజు మీద వేలిముద్ర వేసింది. తరువాత ఆమె తిండి వంతుల్లోకి వచ్చింది. నెల ఒకరి దగ్గర, నెల ఒకరి దగ్గర. ముప్పై ఒకటో తేదీ ఎవరి వంతని కొడుకులు తగువులాడుకుంటే, ఆ పూట పక్కింట్లో తిన్నది. పెద్దకొడుకు మాత్రం ప్రార్థనా మందిరం కప్పుకు పదివేలిచ్చాడు. గోడమీద రాయిలో అతని పేరుంది.

మార్కు సువార్త 7వ అధ్యాయంలో యేసు కోపగించింది ఇటువంటివాళ్ళమీదే. తల్లిదండ్రులకు ఇవ్వవలసినదాన్ని 'కొర్బాను', అంటే దేవుడికి అర్పించేశామని చెప్పి, వాళ్ళకు ఎగ్గొట్టే ఆచారం అప్పుడుండేది. మతపెద్దలు దానికి వత్తాసు పలికేవారు. మీ ఆచారంతో దేవుడి మాటనే కొట్టేశారని యేసు వాళ్ళను నిలదీశాడు. తల్లి కంచంలోంచి తీసిన కానుక దేవుడికి చెల్లదు. ఈ మాట మన సంఘాల్లో ఎంతమంది పెద్దలు చెబుతున్నారు? నేనామె సంగతి ఒక సంఘ పెద్దకు చెబితే "ప్రార్థన చేద్దామమ్మా" అన్నారు. ప్రార్థన చేశాం. వంతులు మాత్రం మారలేదు.

అయితే కొడుకులందరూ కఠినులని నేననను. ఉద్దానంలో కిడ్నీ జబ్బు కుటుంబాలకు కుటుంబాలను కూల్చింది. ఎందుకొస్తున్నదో ఇప్పటికీ నిర్ధారణ కాలేదు. కొన్ని ఇళ్ళలో డయాలసిస్‌లో ఉన్నది కొడుకు, చూసుకుంటున్నది ముసలితల్లి. బతుకుతెరువుకు గుజరాత్ వెళ్ళి, 2018లో సముద్రం మీద పాకిస్తాన్‌కు పట్టుబడిన మన జిల్లా మత్స్యకారులు 2020 జనవరిలో గానీ తిరిగిరాలేదు. అన్నాళ్ళూ వాళ్ళ తల్లుల్నీ భార్యల్నీ ఎవరు చూడాలి? బైబిలు ఈ భారాన్ని ఒక్క కుటుంబంమీదే వదిలెయ్యలేదు. చేలో మరచిపోయిన పన, చెట్టున మిగిలిన పండు విధవరాలివీ, తండ్రిలేని పిల్లలవీ, పరదేశివీ అని ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం చెబుతుంది. అది భిక్ష కాదు, చట్టం. విధవరాలి బట్టను తాకట్టు పట్టరాదని అక్కడే ఉంది. పింఛను అడిగేటప్పుడు మనమెందుకు చేతులు కట్టుకుని నిలబడాలి? వృద్ధాప్య పింఛను 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలు. అది ఆమె డబ్బు, ఆమె చేతిలోనే ఉండాలి.

ఇక మన దేశ చట్టం. 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. తమ సంపాదనతో, ఆస్తితో బతకలేని తల్లిగానీ తండ్రిగానీ కొడుకులనుంచీ కూతుళ్ళనుంచీ పోషణ కోరవచ్చు. తల్లికి అరవై నిండనక్కరలేదు. నెలకు 10,000 రూపాయల దాకా ఇప్పించవచ్చు. ఆర్డీవో స్థాయి అధికారి ట్రిబ్యునల్‌గా వింటారు. ఈ ప్రాంతానికి పలాసలో. వకీలును పెట్టుకోవలసిన పనిలేదు. ఆమె తనంతట తాను అర్జీ ఇవ్వలేని స్థితిలో ఉంటే, ఆమె ఒప్పుకుంటే ఆమె తరఫున మన సంఘమే ఇవ్వవచ్చు.

అదే చట్టం 23వ సెక్షన్ ప్రకారం, చూసుకోవాలన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే రద్దు చేయించవచ్చు. కానీ ఆ షరతు ఉండాలని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది. నేను చెప్పిన ఆమె దస్తావేజులో ఆ వాక్యం లేదు. ఇల్లు తిరిగి రావడం కష్టం. పోషణ మాత్రం అడగవచ్చు. "కన్నకొడుకును కచేరీకి లాగనా?" అంటుందామె. ఆ మాటకు నా దగ్గర సులువైన జవాబు లేదు. కానీ లూకా సువార్త 18వ అధ్యాయంలో న్యాయాధిపతి గుమ్మం విడవని విధవరాలుంది. ఆమె విసిగించిందని యేసు నిందించలేదు. ఆమెనే ఆదర్శంగా చూపించాడు.

ఇంకో సంగతి సంఘాల్లో చర్చకు రావాలి. కొడుకు వీలునామా రాయకుండా చనిపోతే, హిందూ వారసత్వ చట్టంలో భార్యాబిడ్డలతోపాటు తల్లికీ వాటా ఉంది. క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టంలో, చనిపోయినవాడికి పిల్లలుంటే తల్లికి చిల్లిగవ్వ రాదు. తల్లిని సన్మానించమని ప్రతివారం చదివే మనం, ఈ చట్టం మార్చమని ఎందుకు అడగం?

కోడళ్ళు "ఈ సేవంతా మా నెత్తిన పడుతుంది కదా" అనుకోవచ్చు. నిజమే. చట్టం బాధ్యత పెట్టింది కన్నబిడ్డలమీద, చాకిరీ పడింది కోడలిమీద. రూతు కథ చెప్పి కోడళ్ళను కట్టెయ్యవద్దు. రూతు తనంతట తానుగా నయోమి వెంట నడిచింది. నయోమి ఆమెను తిరిగి వెళ్ళమనే చెప్పింది. వృద్ధుల చట్టాన్ని అడ్డం పెట్టుకుని కోడల్ని ఇంట్లోంచి గెంటే ప్రయత్నాలూ జరిగాయి. గృహహింస చట్టం కింద కోడలికున్న నివాస హక్కును అలా తీసెయ్యడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో చెప్పింది. ఒక ఆడదాని రక్షణ ఇంకో ఆడదాని మెడకు ఉరి కాకూడదు.

చివరగా మూడు పనులు. దాన దస్తావేజుమీద వేలిముద్ర వేసేముందు, చూసుకోవాలన్న షరతు రాయించి, చదివించుకుని వినండి. మీ ఊళ్ళో వంతుల తిండి తింటున్న తల్లులెవరో సంఘం పుస్తకంలో రాసుకుని, నెలకోసారి వెళ్ళి కనుక్కోండి. కానుక తెచ్చినవాణ్ణి "మీ అమ్మ తిన్నదా?" అని అడగమని మీ పాస్టరుగారికి చెప్పండి.

నేను వెళ్ళేదారిలోనే ఆమె ఊరుంది. అర్జీ కాగితం సంచిలో ఉంది. ఒప్పుకుంటుందో లేదో, ఈసారీ అడుగుతాను.