ఎండలో వాయించిన కచేరీ

మిత్రులారా, ఇంజనీరు గనక యంత్రాల గురించి చెబుతాననుకున్నారేమో, నా పిచ్చి వేరు. గ్రేట్‌ఫుల్ డెడ్ అని అమెరికా బృందం. 1965 నుంచి 1995 దాకా వాయించారు. ఒక పాటను రెండు రాత్రులు ఒకేలా వాయించేవారు కారు. మన కచేరీల్లో మనోధర్మం అంటామే, అలాగన్నమాట. 1984లో టేపు చేసుకునే శ్రోతలకు హాల్లో విడిగా చోటే ఇచ్చారు. వాళ్లను ఎన్నడూ నేరుగా చూడని నాకు ఆ టేపులే దిక్కు.

అభిమానులు ఎక్కువగా 1977 మే 8 నాటి కార్నెల్ కచేరీకే ఓటేస్తారు. రికార్డింగు అద్భుతం, కాదనను. నా ఓటు మాత్రం 1972 ఆగస్టు 27, ఆరెగాన్‌లోని వెనెటాకి. డబ్బుకు ఇబ్బంది పడుతున్న ఒక డెయిరీ కోసం వాయించారు. పెరుగు లేబుళ్ల మీదే టికెట్లు అచ్చువేశారట! మండే ఎండకి గిటార్ల శ్రుతి నిలవదు. అయినా ‘డార్క్ స్టార్’ అరగంట సాగింది. అంత వేడిలో ఒకరినొకరు విని వాయించారు చూడండి, నాకు అదే ఇష్టం.

వినాలనుంటే భోజనాల దగ్గర అడగండి, నా ఫోన్లో ఉంది.